ఈగలు వాలని నెత్తళ్ళు

ఆసుపత్రుల చెత్త కాల్చే ఫ్యాక్టరీ గొట్టం పొగతో ఇబ్బందిగా ఉందని అక్కడివాళ్ళు అంటే, చూద్దామని ఈ రోజు కళింగపట్నం దగ్గరి ఒక పల్లెకు వెళ్ళాను. పొగ వంగి ఒడ్డు మీదికే వస్తోంది. దాని కిందే ఎర్రమ్మ అనే ఆవిడ ఇసుకలో వల పరిచి నెత్తళ్ళనే చిన్న చేపలు ఎండబెట్టింది. కొనడానికి వచ్చిన షావుకారు పిడికెడు తీసి చూసి, తిరిగి పడేశాడు.

“మందు సల్లినావేటే? ఒక్క ఈగ నేదు. ఇవి నానెవుడికి అమ్మాల?”

“మందేటి బావూ! ఆ గొట్టం ముట్టించిన కాడి నుంచి ఈగలే రావట్నేదు. నోట్లో ఏసుకుంతాను, సూడు.”

నిజంగానే నమిలింది. అతను నవ్వి బండెక్కాడు. ఆమె వారం కష్టం వల మీదే మిగిలింది.

ఈగ వాలని ఎండుచేపకు పురుగుమందు కొట్టారని ఇక్కడి వ్యాపారుల లెక్క. పొగకూ ఈగలకూ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు, ఎవరూ పరీక్షించలేదు. అన్ని చేపల మధ్య చాలాసేపు నిలబడ్డాను. ఒక్క ఈగ చప్పుడూ వినబడలేదు.

ఎర్రమ్మ దగ్గర ఒక పొట్లం కొన్నాను. ఇప్పుడది మా వంటింటి గుమ్మంలో విప్పి ఉంది. మా పిల్లి వాసన చూసి, వెనక్కి వెనక్కి నడిచి వెళ్ళిపోయింది.

మీరైతే వండుకుంటారా?