బోర్లా పెట్టిన రాజులు

కరోనా సద్దుమణిగాక, దుబాయ్ కరామాలో ఆరుగురం ఒకే గదిలో చేరాం. రమ్మీలో నన్ను మించినవాడు లేడని నాకు పొగరు. నెల్లూరు అన్వర్ ఫోన్‌లో వీడియోలు చూసి పోకర్ నేర్చుకుంటుంటే, "రెండు ముక్కల ఆటకు చదువొకటా?" అని వెక్కిరించేవాణ్ని.

ఒక హోటల్లో పందెం లేని పోకర్ టోర్నమెంటు పెడితే ఇద్దరం వెళ్లాం. నా బల్ల దగ్గరి పెద్దమనుషులు ప్రతి ఆటకూ గడ్డం గోక్కుంటూ ఆలోచిస్తుంటే, వీళ్లకు పేకెందుకు అనిపించింది. ఇంతలో నా చేతికి రెండు రాజులొచ్చాయి. బల్లమీద మూడో రాజు పడింది. చివర్లో ఎదుటివాడు డబ్బుకు బదులు ఆడే ప్లాస్టిక్ బిళ్లలు బోలెడు ముందుకు తోశాడు. నేను నవ్వుతూ, రమ్మీలో షోకి ముక్కను బోర్లా వేసే అలవాటుకొద్దీ, చేతిలోవి మధ్యలో బోర్లా పెట్టి "షో" అన్నాను.

ముక్కలు పంచే అమ్మాయి వాటిని తీసి, పారేసిన ముక్కల్లో కలిపేసింది.

"నావి మూడు రాజులు," అన్నాను.

"బోర్లా తోస్తే ఆట వదిలేసినట్టే సర్. ఖలాస్," అంది హిందీలో.

ఎదుటివాడు తన రెండు ఏడులు చూపించి మరీ బిళ్లలు లాక్కున్నాడు. మిగిలినవి నేను కోపంలో పది నిమిషాల్లో పోగొట్టుకుని, గోడవారన కూర్చుని అన్వర్ ఆట చూశాను. వాడు మూడో స్థానంలో నిలిచాడు.

నా అంత వెధవను నేను మళ్లీ చూడలేదు. ఇప్పటికీ గదిలో రమ్మీ ఆడుతూ నేను షో అంటే చాలు, అన్వర్ తలెత్తకుండానే అంటాడు: "తెరిచి పెట్టన్నా."