నిద్రలో ఉన్నారనుకున్నాం

పోయిన నెలలో మా గురువుగారు పోయారు. ఆ కబురు నాకు నందిగామ బస్టాండులో తెలిసింది. జగ్గయ్యపేట వైపు నుంచి వచ్చిన లారీ డ్రైవరు ఆగి, చిల్లకల్లు రోడ్డులో టీ కొట్టు బల్ల మీద ఆయన కూలిపోయారని, గుండె ఆగిందని చెప్పాడు. నేను నమ్మలేదు.

"మనిషిని చూసి పొరబడ్డావన్నా. ఆయన గదిలో పడుకునున్నారు. నేను చూసే వచ్చా," అన్నాను.

ఎనిమిదో తరగతిలో బడి మానేసి, ఏ పనిలోనూ నెల్లాళ్ళు నిలవని నాకు బస్సు నడపడం నేర్పింది ఆయనే. గేరు మార్చేటప్పుడు నేను కిందికి చూస్తే మోకాలి మీద చిన్నగా కొట్టేవారు. "ఇంజను కష్టం ఇంజనే చెబుద్ది. నువ్వు వినరా," అనేవారు. తన కష్టం మాత్రం ఎవరికీ చెప్పేవారు కాదు.

ఆఖరి ట్రిప్పు ముగించి బండి కడిగించేసరికి పదకొండు దాటేది. మొదటి ట్రిప్పుకి నాలుగింటికే లేవాలి. ఇరవై ఏళ్ళు అలాగే నడిచింది. కళ్ళు మూతలు పడుతుంటే మూడు చెంచాల పంచదార వేసిన టీ తాగేవారు. చొక్కా జేబులో బెల్లం ముక్క ఉండేది. పొట్ట పెరిగింది. టైరు మార్చడానికి వంగితే ఆయాసం వచ్చేది.

పోయినేడు పోట్లాడి నందిగామ డాక్టరు గారి దగ్గరకు తీసుకెళ్ళాను. మూత్రంలో చక్కెర ఉందన్నారు. రక్తపు పోటు ఎక్కువన్నారు. ఎంతసేపు పడుకుంటావని అడిగారు.

"నాలుగ్గంటలండి. నాకది చాలండి."

"నీకు చాలుద్దేమో, నీ గుండెకి చాలదు. నిద్ర లేకపోతే చక్కెరా పెరుగుద్ది, పోటూ పెరుగుద్ది. రెండూ కలిసి చివరికి గుండె మీదే పడతాయి."

టీలో పంచదార మానమన్నారు. ఏడు గంటలు పడుకోమన్నారు. ఆయన అన్నిటికీ బుద్ధిగా తలూపారు.

ఓనరు కాళ్ళావేళ్ళా పడి మొదటి ట్రిప్పు నేను తీసుకున్నాను. జగ్గయ్యపేటలో మేం పడుకునే గది బస్సు షెడ్డు పక్కనే. అక్కడ ఇంజను స్టార్ట్ చేసే హ్యాండిలు తిప్పితే ఆ మోతకి ఆయనకు మెలకువ వస్తుందని, కండక్టరూ నేనూ బస్సును వాలు దాకా తోసి, అక్కడ స్టార్ట్ చేసేవాళ్ళం. చెప్పులు చేత్తో పట్టుకుని గదిలోంచి బయటికి వచ్చేవాణ్ణి. ఎనిమిదింటికి తిరిగొచ్చి చూస్తే ముసుగుతన్ని ఉండేవారు. లేచి ఒళ్ళు విరుచుకుని, "బాగా పట్టిందిరా నిద్ర," అనేవారు. నేను సరిగ్గా చేసిన పని నా బతుకులో అదొక్కటేనని గర్వపడేవాణ్ణి.

దహనం అయ్యాక టీ కొట్టుకి వెళ్ళాను. కొట్టు బాబాయి నా మొహం చూడకుండానే చెప్పాడు. నేను జగ్గయ్యపేట బస్టాండులో జనాన్ని ఎక్కించుకునే అరగంటలో ఆయన సైకిలు మీద అక్కడికి వచ్చేసేవారట. నేను తిరుగు ట్రిప్పులో ఆ దారిన పోయేదాకా నా కంట పడకుండా కొట్టు లోపలే కూర్చునేవారట. ఆ తర్వాత అడ్డదారిన గదికి చేరి దుప్పటి కప్పుకునేవారట.

"నాకు చెప్పాల్సింది బాబాయ్."

"ఒట్టేయించుకున్నాడు అబ్బాయ్. తన బండి ఇంకోళ్ళ చేతిలో ఉంటే కన్ను మూతపడదన్నాడు. నువ్వు మిట్ట ఎక్కేదాకా గ్లాసు ముట్టేవాడు కాదు. గేరు పడిన చప్పుడు వినేవాడు. 'పర్లేదు, పడింది' అని అప్పుడు తాగేవాడు."

"పంచదార?"

బాబాయి మూడు వేళ్ళు చూపించాడు.

అదంతా ప్రేమేనని మీరనొచ్చు. కండక్టరూ అదే అన్నాడు. నాకు మాత్రం మింగుడు పడటం లేదు. నేర్పిన మనిషే నా చేతుల్ని నమ్మలేదు. ఆరు నెలలు నన్ను దొంగనిద్రకి కాపలా పెట్టారు. నేను తెచ్చిచ్చిన నిద్రని రోడ్డు పక్కన పారబోశారు. ఇవాళ నేను తినే అన్నం ఆయన పెట్టిందే. ఆ సంగతి మర్చిపోను. ఈ కోపం కూడా ఇప్పట్లో పోదు.

మొదటి ట్రిప్పు ఇప్పటికీ నాదే. మొన్న పొద్దున కండక్టరు షెడ్డు దగ్గరే హ్యాండిలు పెట్టి తిప్పబోయాడు. ఇంకెవరు లేస్తారని అతని ఉద్దేశం. నేను వద్దని చెయ్యి పట్టుకున్నాను. కిటికీలోంచి ఖాళీ నులకమంచం కనబడుతోంది. ఇద్దరం భుజాలు ఆనించి, చప్పుడు కాకుండా బస్సును వాలు దాకా తోశాం.