మా అమ్మాయికి మొదటి పేషెంటుని నేనే

మా పెద్దమ్మాయి పోయిన నెలలో చనిపోయింది. నర్సింగ్ రెండో ఏడాదిలో ఉంది. జ్వరమని ఆసుపత్రిలో చేర్చాం, నాలుగో రోజున ప్రాణం పోయింది. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. ఇక్కడ గల్ఫులో, వక్రాలో మన ప్రార్థన కూటానికి వచ్చేవాళ్ళకు ఈ సంగతి తెలుసు. తెలియనివాళ్ళ కోసం ముందుగా రాశాను.

ఈ ఏడాది తమ పిల్లల్ని ఇక్కడి కాలేజీలో నర్సింగులో వేస్తున్న తల్లులు, మొదట్లో చదువు ఎలా ఉంటుందని మా అమ్మాయిని అడుగుతూ ఉండేవాళ్ళు. ఇప్పుడు నన్ను అడగడానికి మొహమాటపడుతున్నారు. మొహమాటం అక్కర్లేదు. నేను చదివింది ఐదో తరగతే అయినా, మొదటి సెమిస్టరు నర్సింగ్ మొత్తం నా ఒంటి మీదే జరిగింది.

చేరగానే పిల్లల చేతికి సూదులిస్తారని అనుకోకండి. ముందు వాళ్ళకే వేస్తారు. చిన్నప్పటి టీకాల కాగితాలన్నీ తెమ్మంటారు. దాని కార్డు నేను ఊళ్ళో పప్పు డబ్బాలో భద్రంగా దాచాను. ఎంత భద్రమంటే ఇప్పటికీ ఎవరికీ దొరకలేదు. పాపం, అన్ని టీకాలూ మళ్ళీ వేయించుకుంది. రెండు చేతులూ నొప్పెట్టి, రెండు రోజులు నా చేత ముద్దలు పెట్టించుకుని తింది.

ఆ తర్వాత పాఠం చేతులు కడుక్కోవడం. ఎన్ని రోజులైనా అదే. "ఇంత ఫీజు కట్టింది చేతులు కడుక్కోవడానికా?" అని వాళ్ళ నాన్న సణిగేవారు. ఆయన కంపెనీ స్టోరులో పని చేస్తారు. డ్యూటీ నుంచి ఆకలితో వచ్చి కంచం ముందు కూర్చుంటే, బొటనవేలు సరిగా తోమలేదని లేపి మళ్ళీ సింకు దగ్గరికి పంపేది. ఆయన వచ్చేసరికి చారు చల్లారిపోయేది. కూతురు కాబట్టి ఊరుకున్నారు. అదే నేనైతే వేరేగా ఉండేది.

బీపీ మిషను కొన్నాక మా అంతస్తులో ఎవరికీ మనశ్శాంతి లేదు. ఒక్క జగిత్యాల అక్క మాత్రం సంతోషంగా చెయ్యి చాపేది. ఆవిడది మా పక్క ఫ్లాటు. మంచి భారీ మనిషి, మనసూ అంతే. "గీ పోరి దినాం సూస్తుంది గాబట్టే నా బీపీ సక్కగున్నది" అని అందరికీ చెప్పేది.

అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. మంచం దిగలేని పేషెంటును పక్కకు తిప్పి, కింది దుప్పటి మార్చాలి. మోకాలు మడిచి, ఒక చెయ్యి భుజం మీద, ఒక చెయ్యి తుంటి మీద వేసి తన వైపు తిప్పుకోవాలి. ఇంట్లో నన్ను పడుకోబెట్టి నేర్చుకుంది. దాని చెయ్యి భుజానికి తగలకముందే నేను తిరిగిపోయేదాన్ని. దుప్పటి కొస అందకపోతే నేనే లాగి పరుపు కిందికి దోపేదాన్ని. ఇద్దరం చకచకా ముగించేసి, ఇంత సులువా అనుకున్నాం.

పరీక్షలో మనిషంత బరువున్న బొమ్మను పడుకోబెట్టారు. మా అమ్మాయి మోకాలు మడిచింది, చేతులు వేసింది, ఆగింది. దేనికి ఆగావని ఫిలిప్పీన్స్ టీచరమ్మ అడిగితే, తిరుగుతుందేమోనని చూస్తున్నానని చెప్పిందట. తప్పింది.

ఇంటికొచ్చి మంచం మీద కూలబడింది. "నన్ను ఫెయిల్ చేసింది నువ్వేనమ్మా" అంది. నవ్వుతుందనుకున్నాను, ఏడ్చింది. వారం తర్వాత ఇంకొక్క అవకాశం ఉంది. అదీ తప్పితే ఆ సెమిస్టరంతా మళ్ళీ చదవాలి. వాళ్ళ నాన్న కాంట్రాక్టు అన్నాళ్ళు ఉంటుందో లేదో తెలియదు. లేకపోతే చదువు మధ్యలో వదిలేసి అందరం ఊరికి వెళ్ళిపోవాల్సిందే.

మర్నాటి నుంచి నాకు గట్టి ఆజ్ఞ. "నీకు స్పృహ లేదు. నువ్వు సాయం మానితేనే నాకు వస్తుంది." స్పృహ లేకుండా ఉండడం ఎంత కష్టమో నాకు అప్పుడే తెలిసింది. కళ్ళు మూసుకుంటే కుక్కరు కూతలు లెక్క పెట్టేదాన్ని. మూడోది రాగానే లేచి వంటింట్లోకి పోయేదాన్ని. ఒకసారి నేను కాళ్ళూ చేతులూ వేలాడేసి పడుకుని ఉంటే జగిత్యాల అక్క లోపలికి వచ్చి చూసి, గుండెలు బాదుకుంది.

"నాకేం కాలేదక్కా, స్పృహ లేదంతే" అన్నాను.

సంగతి విని ఆవిడ నన్ను మంచం మీంచి లేపేసింది. "నేను పండుకుంట బిడ్డా. నాకైతే ఎవ్వలికీ సాయం జేసే ఓపిక లేదు" అని నడుం వాల్చింది. ఐదు నిమిషాల్లో గురక. మొదటి రోజు మా అమ్మాయి చెమటలు కక్కింది తప్ప ఆవిడ జరగలేదు. దుప్పటి సగం కిందే ఇరుక్కుంది. నా చేతులు ఊరుకోలేక కొంగు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. రోజూ మధ్యాహ్నం అక్క అన్నం తిని వచ్చి పడుకునేది, ఇది తిప్పేది. నాలుగో రోజు అక్క నిద్ర లేచి మంచం తడిమి చూసుకుంది.

"నేను పండుకున్నది పూల దుప్పటి మీద గదా. గీ గళ్ళదెప్పుడొచ్చె?"

ఆ రోజు మా ఇంట్లో ముగ్గురం పడీ పడీ నవ్వాం. అమ్మలకు నేను చెప్పేది ఇదే. మీ అమ్మాయి అడిగితే తప్పకుండా పడుకోండి. కదలకండి.

పరీక్ష రోజు నేను ఉప్పు రెండుసార్లు వేసిన పప్పు ముందు కూర్చుని ఉన్నాను. మధ్యాహ్నం తలుపు తీసుకుని వచ్చింది. "పాస్" అన్న ఒక్క మాట అని, యూనిఫాం కూడా మార్చకుండా నా మంచానికి అడ్డంగా పడి నిద్రపోయింది. వారం నుంచి కంటినిండా నిద్ర లేదు మరి. కాస్త అటు జరుపుదామని భుజం పట్టుకుని చూశాను, నా వల్ల కాలేదు. అంచున మిగిలిన జానెడు చోటులో ఒక కాలు కింద పెట్టుకుని పక్కనే వాలాను. మెడలో కాలేజీ కార్డు తీయడం మరిచిపోయింది. అది దాని గుండెల మీద, ఊపిరి తీసినప్పుడల్లా కొంచెం లేచి, మళ్ళీ దిగుతూ ఉంది.