ఎర్రరాయి వెనక

భిలాయిలో మొదట లేచిన ఎత్తయిన భవనానికి ఎర్రరాతి పలకలు తొడిగారు. నిన్న వాటిని ఊడదీస్తుంటే ఆ రాతిపొడి వాసన నన్ను చిన్నతనంలోకి లాక్కుపోయింది.

ఊళ్లో ప్రతిదీ నాన్న పనిచేసే ఉక్కు ప్లాంటులోనే తయారవుతుందనుకునేదాన్ని. ఆ రాయి కూడా కొలిమిలోంచే వచ్చిందనుకుని, ఎండకి కాగిన పలక మీద చెయ్యి పెట్టాను. వేడిగానే ఉంది! ఇంకేం సాక్ష్యం కావాలి?

“ఏయ్ పాపా, సెయ్యి తియ్!” అన్నాడు మన తెలుగువాడే అయిన కాపలాదారు.

“తియ్యను. మా నాన్న సేసినాడు!”

పక్కనే ఉన్న నాన్న నవ్వాడు. “రాయి మనది కాదమ్మా. లోపలున్న ఇనుము మనది.”

కనబడనిది మనదెలా అవుతుందని రోజంతా అలిగాను.

నిన్న పలక ఊడిన చోట స్తంభం పెచ్చు లేచి, ఇనుప కడ్డీ బయటపడింది. దాన్ని పట్టుకున్నాను. చెయ్యి తియ్యమని గార్డు హిందీలో కసిరాడు.

తెలుగులోనే చెప్పాను. “తియ్యను. మా నాన్న సేసినాడు!”

ఈసారి అది నిజం.