జలుబు సంగతి అడిగే ముందు

మొన్న రేపల్లె బస్సులో నా పక్కన కూర్చున్న పిల్లాడి చొక్కా నుంచి నీలగిరి తైలం వాసన వచ్చింది. జలుబు చేస్తే మా వైపు తల్లులు ఇంకా అదే రాస్తారు. నాకు వెంటనే గ్రేస్‌మణి గారు గుర్తొచ్చారు. ఆవిడ మత్తు డాక్టరు. ఎనభైల్లో ఒక రోజు బాపట్ల, ఒక రోజు రేపల్లె, శనివారాలు తెనాలిలో నేను నర్సుగా పనిచేసే ఆస్పత్రి. పిల్లల సైజు నల్ల రబ్బరు మాస్కులు సంచిలో వేసుకుని రైల్లో వచ్చేవారు. పిల్లలు బెదరకుండా ముందు తన ముక్కుకే మాస్కు పెట్టుకుని వాళ్ళను వెక్కిరించేవారు.

నేను చేరిన కొత్తలో నిజాంపట్నం నుంచి ఒకామె నాలుగేళ్ల కొడుకును హెర్నియా ఆపరేషన్‌కు తీసుకొచ్చింది. వాడికి ముందురోజు నుంచీ ముక్కు కారుతోంది. వాయిదా వేస్తే వాళ్ళాయన మళ్ళీ చేపల వేట మానుకుని రాడని, డాక్టరమ్మకు చెప్పొద్దని నా చేతులు పట్టుకుంది. జాలేసింది. ముక్కు తుడిచి, తైలం వాసన కొట్టే చొక్కా విప్పి, ఆస్పత్రి గౌను తొడిగాను. జలుబేమైనా ఉందా అని డాక్టరుగారు అడిగితే లేదండి అన్నాను. ఆవిడ ఛాతీ విన్నారు, బాగానే ఉంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మత్తు ఎక్కుతుండగానే వాడి గొంతు బిగుసుకుపోయింది. డొక్కలు ఎగరేస్తున్నాడు కానీ గాలి లోపలికి పోవడం లేదు. పెదవులు నీలంగా మారాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆవిడ మాత్రం దవడ ముందుకు లాగి, మాస్కు బిగించి పట్టుకుని, ఆక్సిజన్ సంచి నొక్కుతూనే, "సూదిమందు తియ్యమ్మా. కంగారు పడకు" అన్నారు. మందు ఎక్కిన కాసేపటికి ఛాతీ లేచింది. పెదవులకు రంగు వచ్చింది. ఆపరేషన్ ఆపించి, వాడు మేలుకుని అమ్మ కావాలని ఏడ్చేదాకా పక్కనే నిలబడ్డారు. ఏ పిల్లాడి ఏడుపూ నాకు అంత ముద్దొచ్చింది లేదు.

నేనే వెళ్లి నిజం ఒప్పుకున్నాను. జలుబున్న పిల్లలకు మత్తిస్తే గొంతు ఇలాగే మూసుకుపోవచ్చని చెడామడా తిట్టారు. అలసిపోయాక, ఆ తల్లి ఎందుకు దాచమందని అడిగారు. మళ్ళీ రాలేమన్న భయంతోనండి అన్నాను. ఆవిడ బల్ల మీది చీటీల కట్ట నా ముందుకు జరిపారు.

"అయితే ముందు ఆ భయం సంగతి చూడాలి గదమ్మా. వాయిదా పడితే మళ్ళీ ఎప్పుడు చేస్తామో చీటీ రాసి చేతిలో పెట్టు. ఆ తర్వాత అడుగు జలుబుందా అని."

ఆ తండ్రిని పిలిపించి, పడవ ఎప్పుడు ఒడ్డున ఉంటుందో కనుక్కుని, జలుబు పూర్తిగా తగ్గే వ్యవధి చూసి ఆవిడే తేదీ రాసిచ్చారు. ఆ రోజుకు వచ్చారు. ఆపరేషన్ సాఫీగా జరిగిపోయింది.

గ్రేస్‌మణి గారు పోయి చాలా ఏళ్లయింది. నేను మాత్రం ఇప్పటికీ చీటీ రాసిచ్చాకే జలుబు మాట ఎత్తుతాను. తల్లి దాన్ని మడిచి కొంగున ముడేసుకుంటుంది. చాలాసార్లు, గొంతు తగ్గించి, "రాత్రి నుంచి దగ్గుతున్నాడక్కా" అంటుంది. ఆ మాట వినగానే నా గుండె తేలికవుతుంది. ఆ పిల్లాణ్ణి ఆ పూటకి ఇంటికి పంపించేస్తాం.