లెక్కల సారు మంద దగ్గరికి వచ్చిన పొద్దు

మా లెక్కల సారు లెక్కలో నేను లేను. ఇది నిష్ఠూరంగా అంటున్న మాట కాదు. ఆ ఏర్పాటు నాకే ఎంతో సుఖంగా ఉండేది. ఆయన మూడేళ్లపాటు బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పారు. బోర్డుకు బాగానే అర్థమై ఉంటుంది. చివరి వరుసలో, ముందున్న పిల్ల జడ వెనక దాక్కోవడం నేర్చుకున్నంత శ్రద్ధగా నేను ఇంకే విద్యా నేర్చుకోలేదు. ఆ మూడేళ్లలో ఆయన నాతో మాట్లాడింది లేదు. నేను ఆయనతో మాట్లాడింది అంతకన్నా లేదు.

మాది కేతేపల్లి అవతల ఒక ఊరు. మేం గొర్లు కాసేవాళ్లం. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇంట్లో బాపు, అవ్వ, నేను. తెలంగాణ వచ్చాక సర్కారు గొర్రెలు పంచిన రోజులవి. మందకు కొత్త జీవాలు కలిశాయి, వాటిని చూసే చేతులు మాత్రం అవే మిగిలాయి. అందుకే నేను పదో తరగతిలోకి రాగానే బాపు తేల్చి చెప్పేశాడు.

"పాసైతే నల్లగొండల ఇంటర్ సదువు, హాస్టల్ల ఏస్త. లెక్కలు తప్పినవనుకో, సప్లిమెంటరీ గిప్లిమెంటరీ ఏం లేదు బిడ్డా. మందెంట నడువు."

మందతో పెరిగినందుకు నా బుద్ధి కూడా మందంగానే ఉందని నాకు అప్పటికే నమ్మకం. సంక్రాంతి సెలవుల తర్వాత పెట్టిన పరీక్షలో ఆ నమ్మకానికి రుజువు దొరికింది. పండక్కి గోడలకు సున్నం వేసినట్టు సారు నా పేపరు నిండా సున్నలు వేశారు.

అప్పుడే బడిలో దత్తతలు మొదలయ్యాయి. పదో తరగతి పిల్లల్ని పంతుళ్లందరికీ తలా కొందరిని పంచారు. ఎవరి వాటాకు వచ్చిన పిల్లలకు వారు రోజూ తెల్లవారుజామున ఫోన్ చేసి, నిద్ర లేపి, చదువుకు కూర్చోబెట్టాలి. నేను లెక్కల సారు వాటాకు పడ్డాను. ఆ రాత్రి అన్నం సహించలేదు.

మర్నాటి నుంచి పిల్లలంతా బడికి వచ్చి తమ తమ ఫోన్ల ముచ్చట్లు చెప్పుకునేవారు. తెలుగు టీచర్ ముద్దుగా లేపుతుందట. సైన్సు సారు తనే ఆవలిస్తూ లేపుతాడట. నాకు మాత్రం ఫోన్ రాలేదు. ఒక రోజు చూశాను, వారం చూశాను. రాలేదు. సారు నన్ను మరిచిపోయారనుకుని లోలోపల పండగ చేసుకున్నాను. అవ్వ పక్కన బొంతలో ముడుచుకుని, తెల్లారేదాకా హాయిగా నిద్రపోయాను.

ఒకనాడు సారు పాఠం మధ్యలో చాక్‌పీసు కింద పెట్టి, మొదటిసారి బోర్డుకు వీపు చూపించారు. వేలు నా మీదికి వచ్చింది.

"నువ్వు లే."

ముందున్న పిల్ల తల పక్కకు జరిపింది. ఇక నాకు దాపు లేదు.

"రోజు పొద్దుగాల లేశి లెక్కలు చేస్తున్నవు గద. సమీకరణాలు ఎక్కడిదాక వచ్చినయి?"

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నిలబడ్డాను.

"నేను రోజు ఫోన్ చేస్తున్న. మీ బాపు ఎత్తుతున్నడు. లేశింది సారూ, ముంగట పుస్తకం పెట్టుకొని సదువుతాంది అంటున్నడు. పుస్తకంల ఏమున్నదో చెప్పు మరి."

అప్పుడు తెలిసింది. మా ఇంట్లో ఉన్నది ఒకటే ఫోన్. అది బాపు జేబులో ఉంటుంది. బాపు రాత్రిళ్లు ఇంట్లో ఉండడు. ఎరువు కోసం రైతులు పిలిచిన చోటల్లా, కోసిన చేలల్లో మంద పెట్టి అక్కడే పడుకుంటాడు. నాలుగైదు రోజులకోసారి ఇంటికి వస్తాడు. సారు ఫోన్‌కు రోజూ లేస్తున్నది బాపు, ఆయనతో పాటు గొర్లు.

"మీ బాపు అబద్ధం చెప్తడా?" సారు అడిగారు.

చెప్తాడంటే బాపు పరువు పోతుంది. చెప్పడంటే నాది పోతుంది. నాకెలాగూ పెద్దగా లేదు కదా అనుకున్నాను.

"చెప్పడు సార్."

"అయితే నువ్వే దొంగ చదువు చదువుతున్నవన్న మాట. కూసో."

ఆ రాత్రి బొంతలో నిద్ర పట్టలేదు. సారు బాపును బడికి పిలిపిస్తే? తన అబద్ధం బయటపడ్డ బడికి బాపు నన్ను మళ్లీ పంపుతాడా?

పిలిపించలేదు. సారే వచ్చారు. ఇంకా సరిగా తెల్లవారనే లేదు. వాకిట్లో బండి ఆగిన చప్పుడు, ఆ వెంటనే అవ్వ కేక.

"ఓ పిల్లా! లెవ్వు, మీ సారొచ్చిండు! రాండ్రి సారూ, కూసోండ్రి. ఇది లేశి శానసేపాయె."

బొంత కప్పుకునే లేచి నిలబడ్డాను. అబద్ధం మా ఇంట్లో ఎంత సులువుగా, ఎంత మర్యాదగా పుడుతుందో సారుకు ఆ క్షణమే తెలిసి ఉంటుంది.

"మీ బాపు యాడున్నడు?"

"చెర్వెనుక చేన్లల్ల సార్. మందకాడ."

"పుస్తకం పట్టుకొని బండెక్కు."

మాఘమాసపు చలి, ముందర సారు స్వెట్టర్ వీపు. ఇన్నాళ్లూ తరగతి గదిలో చూసిన వీపే, ఇంత దగ్గర నుంచి చూడటం మాత్రం అదే మొదలు. దారి పొడుగునా ఆయన మాట్లాడలేదు. నేను దేవుళ్లందరితోనూ మాట్లాడాను. దారి తప్పిపోవాలని మొక్కుకున్నాను. కానీ చేను మలుపు ఎక్కడో ఆయన అడిగినప్పుడు నా నోరే సరిగ్గా చూపించింది.

మంద కనిపించింది. చుట్టూ వల కట్టి ఉంది. లోపల గొర్లు అప్పుడే లేచి కదులుతున్నాయి. బాపు మాకు వీపు పెట్టి, గొంగడి కప్పుకుని, వేపపుల్లతో పళ్లు తోముకుంటున్నాడు. సారు కాస్త దూరంలోనే బండి ఆపేసి, దిగి, ఫోన్ తీశారు; గొర్ల అరుపుల్లో బాపుకు బండి చప్పుడు వినిపించినట్టు లేదు. అరవాలనుకున్నాను, అరుపు రాలేదు.

బాపు జేబులో ఫోన్ మోగింది.

"ఆఁ, నమస్తె సారూ. లేశింది సారూ. ముంగట్నే కూసున్నది, లెక్కలు చేస్తాంది."

మాట ఫోన్లోంచీ వచ్చింది, గాలిలోంచీ వచ్చింది.

"ముంగట్నే ఉన్నదా?"

"ఔ సారూ, గీడనే."

"జర ఎనుకకు తిరుగన్నా."

బాపు తిరిగాడు. వేపపుల్ల నోట్లోనే ఉంది. ఫోన్ చెవి దగ్గరే ఉంది. కుక్క మొరుగుతూ మా మీదికి వస్తుంటే దాన్ని ఆపాలన్న సోయి కూడా ఆయనకు లేదు. బాపు ముఖంలో అలాంటి రంగు నేనెప్పుడూ చూడలేదు. తోడేలు మందలో పడ్డప్పుడు కూడా అంతగా కంగారు పడని మనిషి.

కాసేపటికి పుల్ల తీసి పారేశాడు.

"గంత పెద్ద సారు ఫోన్ జేసి నా బిడ్డను అడుగుతాంటే, లేదని ఎట్లనాలె సారూ? పొద్దుగాల్ల మీ నోటెంట తిట్టొస్తె దానికి తగుల్తదనుకున్న."

సారు ఏమీ అనలేదు. ఏదో ఒకటి అన్నా బాగుండేది. ఆ మౌనం బాపుకు కొరడా దెబ్బలా తగిలింది. సిగ్గు కోపమైంది, కోపం నా మీదికి తిరిగింది.

"ఇగ వద్దు. దీనికి సదువు రాదు, నాకు ఇజ్జత్ పాయె. పరీచ్చలు లేవు ఏం లేవు. ఇయ్యాల్టికెంచి మందకాడనే ఉంటది. మీరు పోండ్రి సారూ."

నా చేతిలోని పుస్తకం లాక్కుని గొంగడి మీద పడేశాడు. నేను ఏడవలేదు. ఏడుపు కూడా కొంచెం ఆశ ఉన్నవాళ్లకే వస్తుందని అప్పుడు తెలిసింది.

సారు వంగి పుస్తకం తీశారు, దుమ్ము దులిపారు.

"పోతనన్నా. ఒక్క లెక్క చెయ్యనీ, చూసి పోత."

"ఏం చూస్తరు సారూ?"

"మూడేండ్ల సంది పేపర్ చూస్తున్న. ఈ పిల్ల చేసుడు ఒక్కసారి గూడ చూడలే."

బాపు అటు తిరిగి నిలబడ్డాడు. ఒప్పుకున్నాడో లేదో తెలియదు. సారు నన్ను గట్టు మీద కూర్చోబెట్టి, నా పక్కన కూర్చున్నారు. అంత దగ్గర. జేబులోంచి పెన్ను తీసి, పుస్తకం చివరి ఖాళీ కాగితం మీద సమీకరణం ఒకటి రాసి, పెన్ను నాకిచ్చారు. మొదటి వరుస రాశాను, రెండోది రాశాను. మూడోది రాస్తుంటే ఆయన వేలు వచ్చి కాగితం మీద పడింది.

"ఆగు. గీ అంకె ఇటుకెల్లి అటుకు పోయింది గద. పోయినంక ఏమైతది?"

"ఏమైతది సార్? పోతది, అంతే."

ఆయన నన్ను వింతగా చూశారు. ఇంకొకటి రాశారు. అదే చోట, అదే తప్పు. మరొకటి. మళ్లీ అదే.

"బరాబర్ గుర్తు దాటితే కూడిక తీసివేత అయితదని, తీసివేత కూడిక అయితదని నీకెవ్వరు చెప్పలేదా?"

"లేదు సార్."

"ఎనిమిదిల చెప్పిన. బడి తెరువంగనే. నువ్వు యాడున్నవు గప్పుడు?"

జవాబు నేను చెప్పలేదు. అటు తిరిగి ఉన్న బాపు చెప్పాడు, మెల్లగా.

"మాతోనే సారూ. ఎండకాలం జీవాలను కృష్ణ దిక్కు తోలుకపోయినం. వానలు పడి గడ్డి మొలిశినంకనే ఊరికొచ్చినం. ఎటేటా గంతే. బడి షురువైన నెలకో, నెలన్నరకో వస్తది ఇది."

గొర్లు అరుస్తున్నాయి. సారు పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టారు.

"అన్నా, నీ బిడ్డకు సదువు రాదనకు. తక్కిన లెక్కంత సక్కగ చేస్తాంది. ఒక్క మెట్టు లేదు, గా మెట్టు కాడ ప్రతిసారి పడ్తాంది. నేను పడ్డదని ఎర్రగీత గీసిన గని, యాడ పడ్డదో చూడలే. నాకు నెల దినాలియ్యి."

బాపు మంద వైపు నడిచాడు. వల ఒక మూల విప్పాడు, మళ్లీ కట్టాడు. పొద్దు పొడుస్తోంది. నా బతుకు ఆ వల ముడి దగ్గర ఆగి ఉన్నట్టు దాన్నే చూస్తున్నాను.

"పరీచ్చలైనదాంక ఆగుత సారూ," అన్నాడు చివరికి. "గంతే. తప్పితే మల్ల మీరు రావద్దు."

ఆ నెల రోజులూ బడి వదిలాక స్టాఫ్‌రూమ్ అరుగు మీద కూర్చున్నాను. మొదట్లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, పుస్తకం రెండో చేతిలో పెట్టుకుని వెళ్లేదాన్ని. సారు బోర్డు వైపు ఎందుకు తిరిగి ఉంటారో అక్కడ తెలిసింది. పిల్లల ముఖాలు చూస్తే ఆయనకే మాట తడబడుతుందట. ఆ మాట ఆయన మరమరాలు నములుతూ, నా వైపు చూడకుండా చెప్పారు. నేను ఆయనకు భయపడి జడ వెనక దాక్కుంటే, ఆయన మాకు భయపడి బోర్డు వెనక దాక్కున్నారన్న మాట. అంకెలూ మాలాగే వలస పోతాయని, గట్టు దాటితే వేషం మార్చుకుంటాయని చెప్పి, అర్థమైందా అని అడిగేవారు. అర్థమైందని తల ఊపితే నమ్మేవారు కాదు. మా ఇంటి మర్యాద ఆయనకు తెలుసు.

"నిజం చెప్పు. కాలేదంటే నేనేం అనను."

"కాలేదు సార్."

ఆ రెండు మాటలు నోట్లోంచి బయటికి రావడానికి నాకు పదేళ్ల బడి పట్టింది.

పరీక్షలు వచ్చాయి. లెక్కల పేపరు రాసి బయటికి వస్తే, గేటు అవతల బాపు, సారు ఒకరికొకరు దూరంగా నిలబడి ఉన్నారు. బాపే దగ్గరికి వచ్చి సారును అడిగాడు.

"పాసైతదా సారూ? ఉన్నదున్నట్టు చెప్పుండ్రి. కాదంటె పరీచ్చలు కాంగనే తోలుకపోత."

సారు నా ప్రశ్నపత్రం చూశారు. ఏ లెక్క ఎలా చేశానో అడిగారు. చెప్పాను. ఒకటి తప్పన్నారు. ఇంకొకటి తప్పన్నారు. బాపు చెప్పుతో నేల గీరుతున్నాడు. అయితదని ఒక్క మాట అంటే ఏం పోతుంది ఈయనకు అనుకున్నాను.

"చెప్పలేనన్నా. అంచు మీదున్నది. అయితదని అబద్ధం చెప్ప."

బాపు నా వంక చూశాడు, సారు వంక చూశాడు. ఎందుకో ముఖం తేటపడింది.

"నిజం చెప్పిండ్రు గద. రిజల్ట్ వచ్చేదాంక ఈడనే ఉండనియ్యిండ్రి."

ఆ ఎండాకాలం బాపు ఒక్కడే మంద తోలుకుని కృష్ణ దిక్కు పోయాడు. అవ్వకు నేను కాపలా, నాకు అవ్వ కాపలా. ఫలితాలు వచ్చిన రోజు సారు మా వాకిట్లోకి వచ్చారు. ఆ ముఖం చూసి ఏదీ కనుక్కోలేం. కూడికకూ తీసివేతకూ అది ఒకటే గుర్తు.

"గట్టెక్కినవు," అన్నారు.

"లెక్కల్ల ఎన్ని సార్?"

"గట్టెక్కినవన్న గద. లోతు అడగకు."

జూన్‌లో, పానగల్ దాటి బస్సు నల్లగొండలోకి వస్తుంటే మళ్లీ అదే పాత భయం. కొత్త కాలేజీ, కొత్త ముఖాలు, ఎవరి జడ ఎంత పొడుగో తెలియని తరగతి. మొదటి రోజే స్టాఫ్‌రూమ్ వెతుక్కుంటూ వెళ్లి, లెక్కల లెక్చరర్ బల్ల ముందు నిలబడ్డాను.

ఆయన తలెత్తి చూశారు. "ఏంటమ్మా?"

"సార్, నాకు అర్థం కాకపోతే వచ్చి అడగొచ్చా?"

"నేనింకా పాఠమే మొదలుపెట్టలేదు కదమ్మా."

"ఎరుకే సార్. ముందుగాలనే అడిగి పెట్టుకుంటున్న."

ఆయన నవ్వి, పక్కనున్న కుర్చీ మీది పుస్తకాలు తీసి కింద పెట్టారు.