బావ అట్ట వేసిన బొమ్మ

ఆ రోజుల్లో నాకు రెండే కోరికలు. ఒకటి, ఢిల్లీ చలికి ఆగే స్వెట్టరు. రెండోది, ఆఫీసులో నన్నూ ఒక మనిషిగా లెక్కచేయడం. తొంభైల మొదట్లో అశోకా రోడ్డు దగ్గర కొత్తగా ఉద్యోగంలో చేరాను. నా హిందీ వింటే చాలు, అందరూ పకపకా నవ్వేవారు. అందుకని నోరు టీ తాగడానికి మాత్రమే తెరిచేవాణ్ణి. నవ్వనిది మా సీనియర్ దీదీ ఒక్కతే. ఆమె సెలవు రోజుల్లో బొమ్మలు వేసేది. ఓ శనివారం ఆమె ఫ్రెంచి చిత్రాల గురించి చెబుతుంటే ఉండబట్టలేక, "మేరే పాస్ భీ హై" అనేశాను. (నా దగ్గరున్నది ఇంటి నుంచి తెచ్చుకున్న గోంగూర పచ్చడి మాత్రమే.) అంతా గొల్లున నవ్వారు. "అచ్ఛా? సోమవారం తీసుకొచ్చి చూపించు" అంది దీదీ. ఇక నా పరువు సోమవారం మీద ఆధారపడింది.

ఆదివారం పొద్దున్నే ఒక మ్యూజియం దుకాణానికి పరుగెత్తాను. అక్కడ ఇంప్రెషనిస్టులనే ఫ్రెంచి చిత్రకారుల బొమ్మలు అచ్చేసిన లెటర్‌ప్యాడ్లు, పెన్సిళ్లు, నోటుబుక్కులు ఉన్నాయి. రెండు నోటుబుక్కులు రెండు చేతుల్లో పట్టుకుని అరగంట ఊగిసలాడాను. ఒకదాని మీద కలువల కొలను, ఇంకోదాని మీద గాలికి గొడుగు పట్టుకున్న ఒకావిడ. చివరికి గొడుగావిడే గెలిచింది. పొట్లం కట్టించుకుని మునిర్కాలోని మా గదికొచ్చి, దాన్ని మంచం మీద పెట్టి కూరలకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి మా బావ (మేనత్త కొడుకు, సివిల్స్‌కు మూడోసారి చదువుతున్నాడు) నా నోటుబుక్కుకు మైదా జిగురుతో గోధుమరంగు అట్ట అంటించి, నా పేరు చీటీ కూడా అతికించి, ఎండలో ఆరబెట్టాడు.

"కొత్త పుస్తకాన్ని అలా వదిలేస్తావేంట్రా? బొమ్మ నలిగిపోదూ!"

"ఆ బొమ్మ చూపించడానికే కొన్నాను బావా!"

"అందుకేగా భద్రం చేశాను. లాగకు, అట్టతో పాటు బొమ్మా ఊడొస్తుంది."

సోమవారం అందరూ మూగారు. "దిఖావో భాయ్!" నేను అట్ట వేసిన పుస్తకం బల్ల మీద పెట్టాను. నవ్వులు మొదలయ్యాయి. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఇక తెగించి, వచ్చీరాని హిందీలో బొమ్మను చెప్పడం మొదలుపెట్టాను. గడ్డి గాలికి ఎలా వాలిందో, గొడుగు నీడ ఆవిడ చెంప మీద ఎలా పచ్చగా పడిందో, వెనకాల పిల్లాడు ఎందుకు అలిగాడో (ఇది నా కల్పన) అన్నీ చెప్పాను. నవ్వులు ఆగిపోయాయి. దీదీ కళ్లు మూసుకుని, "ఆ పచ్చనీడ నాకు కనిపిస్తోంది" అంది. ఆ పూట నా టీ వేరేవాళ్లు తెచ్చిచ్చారు. నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

మొన్న ఢిల్లీ పక్కన వైశాలిలో మా ఇల్లు సర్దుతుంటే ఆ పుస్తకం బయటపడింది. ఏళ్ల ఎండలకు మైదా పెచ్చులు కట్టి అట్ట దానంతటదే లేచింది. ఈ కథ వందసార్లు విన్న మా అమ్మాయి ఆత్రంగా చూసి, "పాపా, ఛత్రీ కహాఁ హై?" అంది. గొడుగూ లేదు, ఆవిడా లేదు, అలిగిన పిల్లాడూ లేడు. నీళ్లు, కలువలు, అంతే! పొట్లం కట్టేటప్పుడే నోటుబుక్కులు తారుమారైనట్టున్నాయి. ఆనాడు అట్ట లేకపోతే నా గతేమిటని తలుచుకుని కడుపుబ్బా నవ్వాను.

బావకు ఫోన్ చేస్తే అతని బాధ అతనిది. "అట్ట ఊడిందా? ఆ రోజు మైలుతుత్తం దొరకలేదురా, జిగురులో అది కలిపుంటే ఊడేదే కాదు!"

కలువలు బాగానే ఉన్నాయి. కానీ అప్పటి నేను, ఆ బక్కపలచటి కుర్రాడు, ఆ రోజు అందరికీ చూపించిన బొమ్మ ఇది కాదు కదా. సాయంత్రం కాస్త మైదా ఉడికించి, మళ్లీ అట్ట వేసేశాను.